చుమథాంగ్‌లో స్నానం, పుగాలో చూపు: నెల్లూరు నుంచి వెళ్లేవాళ్లకు

లద్దాఖ్‌లోని లేహ్‌లో ఏడాది మొత్తం పడే వాన 10 సెంటీమీటర్ల చుట్టుపక్కలే. మనకు నవంబరులో వాయుగుండం పడితే ఒక్క రోజులో కురిసిపోయే వాన అది. ఆ ఎండు కొండల్లోనే రెండుచోట్ల వేడినీళ్లు ఉబికి వస్తాయి. లేహ్ నుంచి 140 కిలోమీటర్ల దూరాన సింధు ఒడ్డున చుమథాంగ్, ఇంకా పైన పుగా లోయ. స్నానం చుమథాంగ్‌లో చేయండి, పుగాను చూసి రండి. తారుమారు చేస్తే ఒళ్లు కాలుతుంది.

జూన్ నుంచి సెప్టెంబరు మధ్య వెళ్లండి. అసలు కష్టం దారిలో లేదు, ఎత్తులో ఉంది. నెల్లూరు సముద్రమట్టానికి దాదాపు 20 మీటర్లు, లేహ్ 3,500, పుగా 4,400. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నరలోపే లేహ్‌లో దిగుతారు, కానీ ఒంటికి అలవాటు పడను రోజులు కావాలి. మొదటి రెండు రోజులు గదిలోనే ఉండండి, మద్యం ముట్టకండి, నీళ్లు బాగా తాగండి. పుగా నాలుగో రోజుకు పెట్టుకుని, రాత్రికి కిందికి వచ్చి పడుకోండి. ఎత్తు పడకపోవడానికి వేసుకునే డయామాక్స్ మాత్ర వాడాలా వద్దా అన్నది ఊళ్లోనే డాక్టరును అడగండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పక చెప్పాలి. తలనొప్పితో పాటు నడక తూలినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా నిద్రపోతే తగ్గుతుందని చూడొద్దు. వెంటనే దిగిపోవాలి.

లేహ్‌లో పర్యావరణ రుసుము రసీదు తీసుకోండి. పర్మిట్ నియమాలు మారుతుంటాయి కాబట్టి టాక్సీవాళ్లను అడిగి, ఆధార్ నకళ్లు నాలుగైదు దగ్గర పెట్టుకోండి. డీజిల్ లేహ్‌లోనో, కారూ అనే ఊళ్లోనో నింపించాలి. ఉప్షి దాటి సింధు వెంబడే పోతే చుమథాంగ్ వస్తుంది. ఆ పైన మాహే వంతెన దాటి, సుమ్‌దో దగ్గర చీలిన దారిలో పుగా. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పలకదు, పోస్ట్‌పెయిడ్ ఒకటైనా ఉండాలి.

చుమథాంగ్ బుగ్గల దగ్గర నీళ్లు 80 డిగ్రీలు దాటి ఉంటాయి. చెయ్యి పెట్టి చూడకండి. ఆ నీటిని చల్లనీటితో కలిపి వాడుకునే స్నానపు గదులు ఉన్నాయి. 40 డిగ్రీలు మించకుండా, పది నిమిషాలు చాలు. ఒక్కసారిగా లేస్తే కళ్లు తిరుగుతాయి, అంచు పట్టుకుని మెల్లగా లేవాలి. ముక్కులోకి నీళ్లు పోనివ్వొద్దు. సింధులోకి మాత్రం దిగకండి, ప్రవాహం లాగేస్తుంది.

పుగాలో నేలను నమ్మకండి. గంధకం, బోరాక్స్ పేరుకున్న తెల్లటి పొర చూస్తే ఇస్కపల్లి ఉప్పు మడుల్లా గట్టిగా అనిపిస్తుంది. అప్పడం మందం కూడా లేని చోట కాలు వేస్తే పొర విరిగి, కింద సలసల కాగే బురదలో దిగబడుతుంది. జంతువులు నడిచిన జాడల మీదే నడవండి. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ, నీళ్లు 85 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎసరు ఎంత పొంగినా బియ్యం పలుకుగానే ఉంటాయి, కుక్కరు లేని చోట అన్నం అడగొద్దు.

గోంగూర పచ్చడి లేకుండా ఎవరూ బయలుదేరరు, అదీ తెలుసు. పైకి పోయేకొద్దీ మూసిన ప్యాకెట్లు ఉబ్బి, నూనె బట్టలకంతా కారుతుంది. సీసాలో పెట్టి, లేహ్‌లో ఓసారి మూత తీసి మళ్లీ బిగించండి.

మెట్టెలు, పట్టీలు, వెండి మొలతాడు గదిలోనే తీసి పెట్టాలి. గంధకపు ఆవిరికి వెండి నల్లబడుతుంది, బంగారానికి ఏమీ కాదు. నల్లబడితే గిన్నెలో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండిని దానికి తగిలేలా ఉంచి, చెంచాడు వంటసోడా వేసి వేడినీళ్లు పోయండి. కాసేపటికి నలుపు వదులుతుంది. రాళ్లు పొదిగిన వాటిని మాత్రం అందులో వేయకండి.