రాత్రయితే వైఫై నెమ్మదిస్తోందా? ఛానెల్ మార్చి చూడండి

మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి 8 దాటితే చాలు, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా వీడియో ఆగిపోయేది. చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ ఒకే ఛానెల్ (వైఫై సిగ్నల్ నడిచే దారి) మీద ఉండటమే కారణం. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ యాప్ ఒకటి వేసుకుంటే ఏ ఛానెల్ మీద రద్దీ తక్కువో తెలుస్తుంది.

రౌటర్ స్టిక్కర్ మీదున్న అడ్రస్‌ను (చాలావాటికి 192.168.1.1) బ్రౌజర్‌లో కొట్టి లాగిన్ అవ్వండి. 2.4 గిగాహెర్ట్జ్ (వైఫై వాడే ఒక ఫ్రీక్వెన్సీ బ్యాండ్) సెట్టింగ్‌లో ‘ఆటో’ తీసేసి 1, 6, 11లలో ఒకటి పెట్టండి. ఈ మూడూ ఒకదాని మీదొకటి పడవు. 3, 4 ఖాళీగా కనిపించినా వద్దు, రెండువైపుల నుంచీ అడ్డు తగులుతుంది. ఛానెల్ విడ్త్ (వెడల్పు) 20 మెగాహెర్ట్జ్ ఉంచండి.

మూడు ఛానెళ్లూ కిక్కిరిసి ఉంటే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మారడమే మేలు, కాకపోతే గోడలు దాటితే దాని సిగ్నల్ త్వరగా పడిపోతుంది.