ఇంగ్లీషులో పదిమందిని కలిపి సంబోధించడం ఎలా? ఆడ, మగ తేడా లేని పిలుపులు

ఇంగ్లీషులో పదిమందిని ఉద్దేశించి మాట్లాడవలసి వచ్చినప్పుడు మనవాళ్ళలో చాలామంది ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ అనో, ‘హాయ్ గైస్’ అనో, ఉత్తరమైతే ‘డియర్ సర్స్’ అనో మొదలుపెడతారు. మొదటి పిలుపు ఎదుట ఉన్నవారిని రెండు వరుసలుగా విడదీస్తుంది; మిగిలిన రెండూ అందరినీ మగవారి లెక్కలో కలిపేస్తాయి. ఇది పట్టించుకోనక్కరలేని విషయమని మీరు అనుకుంటే, పెద్ద సంస్థలు అలా అనుకోవడం మానేసి చాలాకాలమైందని గమనించాలి. లండన్ రవాణా సంస్థ 2017లోనే తన సిబ్బందికి ‘గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్’ అనవలసిందిగా సూచించింది. ఎయిర్ కెనడా 2019లో ఇదే దారి పట్టింది. జపాన్ ఎయిర్‌లైన్స్ 2020 అక్టోబరు 1 నుంచి తన ఇంగ్లీషు ప్రకటనల్లో ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ అనడం ఆపేసింది. మన దేశంలో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో ఇచ్చిన తీర్పు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను మూడవ జెండర్‌గా గుర్తించింది కాబట్టి, ఆ జంటపిలుపులో అందరూ ఇమడరన్న సంగతి ఇక్కడ కూడా కొత్తది కాదు.

కావలసిన సామగ్రి ఒక కాగితం, ఒక కలం, మాటలు రికార్డు చేసే సదుపాయం ఉన్న ఫోను మాత్రమే.

మొదటి మెట్టు: పలకరింపు

ఇది సులువు. ‘గుడ్ మార్నింగ్ ఎవ్రీవన్’, ‘హలో ఎవ్రీవన్’, ‘వెల్‌కమ్ ఎవ్రీవన్’ అన్న మూడింటితో ఆఫీసు సమావేశం నుంచి అపార్టుమెంటు సంఘం సమావేశం వరకు అన్నీ గడిచిపోతాయి. ‘ఎవ్రీబడీ’ అన్నా తప్పు కాదని కొందరంటారు గాని, మైకు ముందు ‘ఎవ్రీవన్’ అనే అనాలి. పాఠశాల వార్షికోత్సవాల్లో మన పిల్లలు బట్టీపట్టి చెప్పే ‘గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్ ప్రెజెంట్ హియర్’ అన్న వాక్యాన్ని వెక్కిరించడం పరిపాటి అయిపోయింది. నిజానికి అందులో ఆడ, మగ ప్రస్తావనే లేదు. కాలేజీ సభల్లో వినిపించే ‘డిగ్నిటరీస్ ఆన్ అండ్ ఆఫ్ ద డయాస్’ కూడా అటువంటిదే. పాతబడిందని దాన్ని తీసివేసి, ఆ స్థానంలో ‘లేడీస్ అండ్ జెంటిల్‌మెన్’ పెట్టే వ్యాఖ్యాతలు ఉన్న మంచిని చెడగొడుతున్నారు.

‘ఫోక్స్’ స్నేహితుల మధ్య, సొంత బృందంలో చెల్లుతుంది. ఖాతాదారుల ముందు వద్దు. ఏ పని చేసే బృందమో చెప్పని వట్టి ‘టీమ్’ అన్నది మీ బృందానికే వాడాలి. ఎన్నడూ ముఖం చూడని మరో కంపెనీ సహాయ విభాగానికి ‘డియర్ టీమ్’ అని రాయడం మనకు అలవాటైపోయింది గాని, వారు మీ టీమ్ కారు. వాట్సాప్ గ్రూపుల్లో ‘హాయ్ బ్రదర్స్’ అనే పద్ధతిని గురించి వేరే చెప్పనక్కరలేదు. వివేకానందుడు 1893 సెప్టెంబరు 11న చికాగోలో ‘సిస్టర్స్ అండ్ బ్రదర్స్ ఆఫ్ అమెరికా’ అన్నాడు కదా అని ఎవరో ఒకరు ప్రతిసారీ అడుగుతారు. ఆ రోజుకు, ఆ వేదికకు, ఆ వక్తకు అది తగింది; సోమవారం ఉదయపు సమీక్షా సమావేశానికి అది తగదు.

రెండవ మెట్టు: ఉత్తరం, మెయిల్

పేర్లు తెలియని బృందానికి రాస్తున్నప్పుడు ఆ మనుషులు ఎవరన్నది వదిలేసి, వారు చేసే పనిని పట్టుకోవాలి. అమెరికాలో ఎంఎస్ కోసం దరఖాస్తు చేసే విద్యార్థి ‘రెస్పెక్టెడ్ సర్’ అని కాకుండా ‘డియర్ మెంబర్స్ ఆఫ్ ద అడ్మిషన్స్ కమిటీ’ అని రాయాలి. ఉద్యోగానికైతే ‘డియర్ హైరింగ్ టీమ్’, సహోద్యోగులకైతే ‘డియర్ కొలీగ్స్’, గేటెడ్ కమ్యూనిటీ నోటీసుకైతే ‘డియర్ రెసిడెంట్స్’ సరిపోతాయి. ‘సర్’కు ‘మేడమ్’కు మధ్య గీత గీసి రెండూ పెట్టడం మాత్రం పరిష్కారం కాదు. ‘మీరెవరో కనుక్కునే ఓపిక నాకు లేదు’ అన్న సంగతిని ఆ గీత చెప్పకనే చెబుతుంది.

మూడవ మెట్టు: వాక్యం నడుమ వచ్చే ‘యూ గైస్’

ఇక్కడ నిదానించండి. ఈ విషయంపై చెప్పే సలహాలన్నీ పలకరింపు దగ్గరే ఆగిపోతాయి. అందుకే ‘హలో ఎవ్రీవన్’ అని చక్కగా మొదలుపెట్టినవారే అర నిమిషం తిరక్కుండా ‘కెన్ యూ గైస్ సీ మై స్క్రీన్?’ అంటారు. దీన్ని అజాగ్రత్త అనుకోకూడదు. తెలుగులో మీరు, మీరంతా, మీరిద్దరూ అనే మాటలు విడివిడిగా ఉన్నాయి. ఇంగ్లీషులో ఒకప్పుడు ఒకరికి ‘దౌ’, పలువురికి ‘యే’, ‘యూ’ ఉండేవి. కాలక్రమంలో ‘యూ’ ఒక్కటే నిలిచి ఒకరికీ పదిమందికీ అదే గతి అయింది. ఆ లోటును ఒక్కొక్క ప్రాంతం ఒక్కొక్క విధంగా పూడ్చుకున్నది. అమెరికా దక్షిణ రాష్ట్రాలవారు ‘యాల్’ అంటారు, ఐర్లండులో ‘యూజ్’ అని, ఇంగ్లండులో ‘యూ లాట్’ అని వినిపిస్తుంది, వేంకటేశ్వరాలయం వల్ల మనవాళ్ళందరికీ తెలిసిన పిట్స్‌బర్గ్‌లో స్థానికులు ‘యిన్జ్’ అంటారు. మిగిలిన చోట్ల ఆ పనిని ‘గైస్’ చేస్తున్నది. అంటే అది పిలుపుగా కాక బహువచన ప్రత్యయంగా నోట్లో స్థిరపడింది. ‘ఇకపై అనను’ అని నిశ్చయించుకున్నంత మాత్రాన అది పోదు, దాని పనిని మరో మాటకు అప్పగించాలి.

ముందుగా, ఆ వాక్యానికి బహువచనం అవసరమా అని చూడండి. ‘వాట్ డూ యూ గైస్ థింక్?’ అనడానికి బదులు ‘ఎనీ థాట్స్?’ అంటే చాలు. ‘కెన్ యూ గైస్ హియర్ మీ?’ స్థానంలో ‘యామ్ ఐ ఆడిబుల్?’ అనవచ్చు, భారతీయుల ఇంగ్లీషు అని దీన్ని ఎగతాళి చేసేవారున్నారు గాని, వ్యాకరణంలో దోషం లేదు, ఆడ మగ తేడా లేదు. బహువచనం తప్పనిసరైతే కర్త స్థానంలో ‘యూ ఆల్’, ‘టు’, ‘ఫ్రమ్’ వంటివాటి తరువాత ‘ఆల్ ఆఫ్ యూ’ వాడాలి: ‘యూ ఆల్ డిడ్ వెల్’, ‘థాంక్స్ టు ఆల్ ఆఫ్ యూ’. ఇద్దరే ఉంటే ‘బోత్ ఆఫ్ యూ’, ముగ్గురుంటే ‘ద త్రీ ఆఫ్ యూ’. సంఖ్య చెప్పడం తెలుగువారికి సహజంగా వస్తుంది కాబట్టి దీన్ని నేను అన్నింటికన్నా ముందు నేర్పుతాను.

ఇంతలోనే ఒక గొయ్యి ఉంది. ‘మీరంతా’ అన్న మాటను మనసులో పెట్టుకొని మనవాళ్ళు ‘యూ పీపుల్’ అంటారు. ఇందులో ఆడ మగ తేడా లేదు, నిజమే. కానీ అమెరికన్ల చెవికి అది ‘మీ జాతివాళ్ళు’, ‘మీలాంటివాళ్ళు’ అన్నట్టు, వేలు చూపించి వేరు చేసినట్టు వినిపిస్తుంది. 1992 జూలైలో అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రాస్ పెరో, నాష్‌విల్‌లో నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ సభలో శ్రోతలను ఉద్దేశించి ఆ మాట వాడి పెద్ద దుమారంలో చిక్కుకున్నాడు. అతనికి ఇంగ్లీషు మాతృభాష. అతని మాటనే మన్నించనివారు ఫోనులో వినిపించే మన గొంతును మన్నిస్తారని ఆశించవద్దు. ‘వెన్ విల్ యూ పీపుల్ సెండ్ ద ఫైల్?’ అన్న వాక్యం హైదరాబాదులో మామూలు ప్రశ్న, అవతలి ఒడ్డున తగవు. ‘యూ లాట్’ కూడా గదమాయింపుగా వినిపించే మాటే కనుక జోలికి వెళ్ళకండి. ‘యాల్’ విషయంలో నా నియమం స్పష్టం: డాలస్ పరిసరాల్లో స్థిరపడినవారు అలవాటుకొద్దీ అంటే అనవచ్చు, మాదాపూర్‌లో కూర్చుని లండన్‌తో మాట్లాడేవారు అనకూడదు.

రెండవ గొయ్యి ‘ఎవ్రీవన్’ అన్న తరువాత వస్తుంది. ఆ మాట ఏకవచనం కాబట్టి ‘ఎవ్రీవన్ ఆర్’ కాదు, ‘ఎవ్రీవన్ ఈజ్’ అనాలి. అక్కడిదాకా చాలామందికి తెలుసు. ఆ వెంటనే ‘ఎవ్రీవన్ షుడ్ బ్రింగ్ హిజ్ ల్యాప్‌టాప్’ అనేస్తారు. ముందు తలుపున తరిమిన మగవాడు పెరటి తలుపున వచ్చి కూర్చుంటాడు. ‘హిజ్ ఆర్ హర్’ అంటే నోరు తడబడుతుంది, పైగా మళ్ళీ రెండు వరుసలే. అక్కడ ‘దెయిర్’ అనాలి. ఏకవచనానికి ‘దే’, ‘దెయిర్’ వాడడం తప్పని బడిలో నేర్చుకున్నవారు వాదానికి దిగుతారు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి గ్రంథం 2019 నాటి ఏడవ ముద్రణలో ఆ వాడుకనే సిఫారసు చేసిందని వారికి చెప్పి ముందుకు సాగండి.

సాధన ఇలా చేయాలి. ఫోనును బల్లమీద పెట్టి ఒక సమావేశంలో మీ మాటలను మాత్రమే రికార్డు చేసుకోండి. ఇతరుల గొంతులు పడేటట్టయితే వారి అనుమతి తీసుకోండి. తరువాత విని, ‘గైస్’ వచ్చిన వాక్యాలను కాగితం మీద రాయండి. ఎక్కువమందికి అవి రెండు మూడు వాక్యాలే తిరిగి తిరిగి వస్తాయి. వాటికి మాత్రమే బదులు వాక్యాలు రాసుకొని, కంప్యూటరు తెర అంచున అంటించి, పైకి చదవండి. రోజూ వంద పదాల పట్టికలు వల్లెవేయించే పద్ధతులు ఎందుకు పనికిరావంటే, నోటికి అలవాటైనది పదం కాదు, వాక్యం.

‘ఆడవాళ్ళు కూడా ఆడవాళ్ళను గైస్ అనే పిలుచుకుంటున్నారు కదా’ అన్న ఆక్షేపణ తప్పకుండా వస్తుంది. పిలుచుకుంటున్నారు, వారి ఇష్టం. 1605లో లండన్ పార్లమెంటు భవనాన్ని పేల్చబోయి దొరికిపోయిన గై ఫాక్స్ పేరుతో ఏటా తగలబెట్టే బొమ్మల నుంచి ఈ మాట పుట్టి, చింపిరి వేషగాడికి, ఆపైన ఏ మగవాడికైనా పాకి, చివరికి బహువచనంలో అందరినీ కమ్ముకున్నది. కానీ ఏకవచనంలో మగతనం వదలలేదు. ‘దేర్ ఈజ్ ఎ గై ఎట్ ద డోర్’ అంటే గుమ్మం దగ్గర స్త్రీ ఉందని ఎవరూ అనుకోరు.

నాలుగవ మెట్టు: నోరు జారినప్పుడు

ఏమీ చేయకండి. తరువాతి వాక్యాన్ని సరిగా అనండి, అంతే. పదిమంది మగవారి మధ్య ఒకే మహిళ ఉన్న గదిలో ‘జెంటిల్‌మెన్’ అని, ఒక క్షణం ఆగి, ఆమె వైపు తిరిగి ‘...అండ్ లేడీ’ అని చేర్చడం మర్యాద అనుకుంటారు. ఆ క్షణంలో తలలన్నీ ఆమె వైపు తిరుగుతాయి, ఆమె తన ముందున్న కాగితాల్లోంచి తల ఎత్తి నవ్వవలసి వస్తుంది, ఆ రోజు ఆమె తెచ్చిన లెక్కలకన్నా ఆమె ఉనికే వార్త అవుతుంది. ‘సారీ మేడమ్, నో అఫెన్స్’ అని పొడిగిస్తే పరిస్థితి మరింత పాడవుతుంది.

ఐదవ మెట్టు: పాత నమూనాలు

నోరు బాగుపడినా ఆఫీసు కంప్యూటర్లలో పాత సర్క్యులర్లు, కొటేషన్లు, ఆహ్వానాల నమూనాలు ‘డియర్ సర్స్’ అంటూనే ఉంటాయి. ఒక్కొక్కటి తెరిచి ‘సర్’, ‘సర్స్’ అన్న మాటలను విడివిడిగా వెతికి మార్చండి. వర్డ్‌లో వెతికేటప్పుడు ‘ఫైండ్ హోల్ వర్డ్స్ ఓన్లీ’ అన్న గడిలో టిక్ పెట్టడం మరవకండి. ‘డిజైర్’ అనే మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే మధ్యలో ‘సర్’ దాగి ఉంటుంది, ఆ టిక్ లేకుండా ‘రీప్లేస్ ఆల్’ నొక్కితే అదీ ‘కొలీగ్స్’తో అతుక్కుపోతుంది.