కొవ్వు కణంలో ఇన్‌ఫ్లమేషన్ – 4వ పాఠం: గ్లూటమిన్ మోతాదులు కలపడం

గత పాఠంలో 3టీ3-ఎల్1 అనే చిట్టెలుక (మౌస్) కణాలను కొవ్వు కణాలుగా మార్చడానికి ఇన్సులిన్, డెక్సామిథసోన్, ఐబీఎంఎక్స్ అనే మందులు ఇచ్చాం. పదో రోజుకల్లా మైక్రోస్కోపు కింద కణం నిండా నూనె బొట్లు మెరుస్తూ కనబడాలి. నూటికి ఎనభై కణాలైనా అలా కనబడకపోతే ఈ పాఠం మొదలుపెట్టకండి, ఇంకో రెండు రోజులు ఆగండి.

స్థూలకాయుల కొవ్వు కణజాలంలో గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం తగ్గి ఉంటుందని స్టాక్‌హోమ్‌లోని కరోలిన్స్కా సంస్థ పరిశోధకులు 2020లో చూపించారు. అది తగ్గితే కణం గ్లూకోజ్‌ను ఎక్కువగా విరగ్గొడుతుంది. ఆ దారిలో తయారైన ఒక చక్కెర ముక్క కేంద్రకంలోని ప్రొటీన్లకు అతుక్కుని ఇన్‌ఫ్లమేషన్ (వాపు) జన్యువులను మేల్కొలుపుతుంది. మన పనల్లా ఆ తేడాను ప్లేటులో చూడటమే.

ముందు 200 మిల్లీమోలార్ స్టాక్ (తర్వాత పలుచన చేసుకునే చిక్కటి ద్రావణం) తయారుచేయాలి. 2.92 గ్రాముల ఎల్-గ్లూటమిన్‌ను నీళ్లలో కరిగించి 100 మి.లీ.కు సరిచేయండి. ఇంతకంటే చిక్కగా పెద్దగా కరగదు కాబట్టి ఓపిగ్గా కలపాలి. ఆటోక్లేవ్‌లో ఆవిరి వేడితో స్టెరైల్ చేయడం వద్దు, వేడికి గ్లూటమిన్ పాడవుతుంది. 0.22 మైక్రాన్ ఫిల్టర్‌తో వడకట్టి, 5 మి.లీ. చొప్పున పంచి, మైనస్ 20లో దాచండి. గడ్డకట్టిన స్టాక్‌ను తిరిగి కరిగించినప్పుడు అడుగున తెల్లటి పలుకులు కనిపిస్తే పారేయకండి. 37 డిగ్రీల నీళ్లలో పెట్టి తిప్పితే కరిగిపోతాయి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) కలిపిన గ్లూటమిన్ 37 డిగ్రీల్లో వారం పదిరోజుల్లో దాదాపు సగం విరిగిపోయి అమ్మోనియా వదులుతుంది. మే నెలలో విజయవాడ బస్టాండ్ నుంచి నాగార్జున యూనివర్సిటీ దాకా సీసాను సంచిలో వేసుకుని తెస్తే, బయట ఎండ 44 డిగ్రీలు. సీసా మీద 4 మిల్లీమోలార్ అనే ఉంటుంది, లోపల అంత ఉందో లేదో చెప్పలేం. పైగా అమ్మోనియా వల్ల కణాలు విడిగా నలుగుతాయి. అందుకే గ్లూటమిన్ లేని డీఎంఈఎం మీడియం కొని, ఐస్ బాక్సులో తెచ్చి, వాడే రోజే స్టాక్ కలపండి. సీరంలోనూ గ్లూటమిన్ ఉంటుంది, కాబట్టి డయలైజ్ చేసిన (చిన్న అణువులను తీసేసిన) సీరమే వాడాలి.

10 మి.లీ. చొప్పున నాలుగు ట్యూబులు పెట్టుకోండి. ఒక్కోదానిలో సీరం కలిపిన మీడియం 9.8 మి.లీ. పోసి, వరుసగా 0, 25, 100, 200 మైక్రోలీటర్ల స్టాక్ వేయండి. తగ్గినంత స్టెరైల్ నీళ్లతో నింపితే 0, 0.5, 2, 4 మిల్లీమోలార్ అవుతాయి. రక్తంలో ఉండే స్థాయికి దగ్గరగా ఉండేది 0.5.

12 గుంటల ప్లేట్లు రెండు తీసుకుని గుంటకు 1 మి.లీ. పోయండి. కొవ్వు నిండిన కణాలు ఊరికే ఊడిపోతాయి, పిపెట్ మొనను గోడకు ఆనించి మెల్లగా వదలండి. 24 గంటల తర్వాత ప్రతి మోతాదులో మూడు గుంటలకు ఇన్‌ఫ్లమేషన్‌ను రేపే టీఎన్ఎఫ్-ఆల్ఫా అనే ప్రొటీన్ మి.లీ.కు 10 నానోగ్రాములు ఇవ్వండి, మిగతా మూడు అలాగే ఉండాలి.

ఈ ప్రయోగంలో వచ్చే ఫలితం చూసి జిమ్ దుకాణంలో గ్లూటమిన్ పొడి కొనకండి, ఎవరికీ కొనమని చెప్పకండి. కొన్ని క్యాన్సర్ కణాలు కూడా గ్లూటమిన్ మీదే పెరుగుతాయి.

మరో 24 గంటలకు పైమీడియం తీసి, తేలిన కణాలు దిగేలా సెంట్రిఫ్యూజ్ చేసి, మైనస్ 80లో పెట్టండి. వచ్చే పాఠంలో అందులో ఎంసీపీ-1 అనే ఇన్‌ఫ్లమేషన్ ప్రొటీన్‌ను ఎలైసా పరీక్షతో కొలుస్తాం. కిట్ చిట్టెలుక (మౌస్) ప్రొటీన్‌కు తయారైనదేనని చూసి మరీ ఆర్డర్ చేయండి.