జేడ్ నగ కొనే ముందు

• డబ్బు కట్టకముందే ల్యాబ్ రిపోర్టులో ‘టైప్ ఎ’ (రంగూ పాలిమరూ కలపని సహజ రాయి) అని ఉందేమో చూడండి. ‘బి’ అంటే యాసిడ్‌తో కడిగి పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) నింపినది, ‘సి’ అంటే రంగు వేసినది. రెండూ అసలు జేడైట్ రాళ్లే (జేడ్ అనే పేరున్న రెండు ఖనిజాల్లో ఇదొకటి, రెండోది నెఫ్రైట్), అందుకే మామూలు కంటికి దొరకవు. పాలిమర్ గుట్టు విప్పేది ఇన్‌ఫ్రారెడ్ పరీక్షే.

• పేరుకు ముందు తోకలుంటే అనుమానించండి. ‘కొత్త జేడ్’ అంటే సర్పెంటైన్ అనే వేరే రాయి, ‘మలేషియా జేడ్’ రంగేసిన క్వార్ట్జ్.

• భూతద్దంలో రంగు పగుళ్ల వెంట పేరుకుని కనిపిస్తే అద్దకం. గుండ్రటి బుడగలుంటే గాజు.

• విడిరాయైతే సాంద్రత తూయించండి: జేడైట్ సుమారు 3.3, నెఫ్రైట్ 2.95.

• గీసి మాత్రం చూడొద్దు. క్వార్ట్జ్ కూడా ఆ పరీక్ష నెగ్గుతుంది. గీత పడితే ఆ నగ మీకే అంటగడతారు!