చలిలోంచి తెచ్చిన లాప్‌టాప్‌ని వెంటనే ఆన్ చేయకండి
గడ్డకట్టే చలిలో లాప్‌టాప్ మోసుకుని గేమ్ ఆడటానికి ఫ్రెండ్ ఇంటికి వెళ్తే, వెళ్లగానే బ్యాగ్ జిప్ తీయకండి. చల్లబడిన మెషీన్‌కి గదిలోని వెచ్చటి గాలి తగిలితే స్క్రీన్ మీదే కాదు, లోపల బోర్డు మీద కూడా చెమ్మ పడుతుంది. అప్పుడు పవర్ ఇస్తే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. బ్యాగ్ మూసే ఉంచి మెల్లగా వెచ్చబడనివ్వండి, రెండు గంటలైనా ఆగడం మంచిది. మిగతావాళ్లు గేమ్ లాబీలో (ఆట మొదలయ్యేముందు అందరూ ఆగే స్క్రీన్) ఎంత గోల చేసినా సరే! ఛార్జింగ్ కూడా అప్పుడే పెట్టొద్దు. 0 డిగ్రీల కంటే చల్లగా ఉన్న లిథియం అయాన్ బ్యాటరీని ఛార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని శాశ్వతంగా దెబ్బతింటుంది. చలికి ఫోన్ ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం టెన్షన్ వద్దు, వెచ్చబడ్డాక చాలావరకు ఛార్జ్ తిరిగొస్తుంది. తొందరపడి హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి.