ప్రోటియోమిక్స్ ల్యాబ్‌లో చేరాలంటే ఏం చదివి ఉండాలి?

"బయాలజీ చదవలేదు అక్కా, నన్ను తీసుకుంటారా?" అని ప్రోటియోమిక్స్ (కణాల్లోని ప్రోటీన్లన్నిటినీ కలిపి పరిశీలించే శాస్త్రం) ల్యాబ్ గురించి జూనియర్లు అడుగుతుంటారు. తీసుకుంటారు. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి యూనివర్సిటీ ల్యాబ్‌లో చేరాను. పక్క బెంచీ అమ్మాయిది వెటర్నరీ, డేటా చూసే అబ్బాయిది బీటెక్ కంప్యూటర్స్.

ప్రోటీన్ల లాంటి పెద్ద అణువులను మాస్ స్పెక్ట్రోమీటర్‌లో (అణువుల బరువు తేల్చే యంత్రం) కొలిచే పద్ధతికి 2002లో కెమిస్ట్రీ నోబెల్ పంచుకున్న కోయిచి తనాకా చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్. ఈ రంగంలో పెద్ద పేరున్న మథియాస్ మాన్ ఫిజిక్స్, గణితం నుంచి వచ్చారు.

కాబట్టి మీ దగ్గర ఉన్నదాన్ని గట్టి చేసుకోండి. కెమిస్ట్రీ వాళ్లు క్రొమటోగ్రఫీ (మిశ్రమంలోని పదార్థాలను విడదీసే పద్ధతి) మీద పట్టు తెచ్చుకోవాలి. కంప్యూటర్స్ వాళ్లు ప్రైడ్ (PRIDE) అనే ప్రోటియోమిక్స్ డేటాబేస్‌లో ఉచితంగా దొరికే ఫైళ్లు దించుకుని, మాక్స్‌క్వాంట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి విశ్లేషించి చూడండి.

బయాలజీ వాళ్లకు శాంపిల్ తయారీలో చెయ్యి తిరిగి ఉండాలి. ట్రిప్సిన్ అనే ఎంజైమ్ ప్రోటీన్‌ను లైసిన్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల తర్వాత కోస్తుందని పుస్తకంలో చదవడం వేరు, రాత్రంతా 37 డిగ్రీల దగ్గర ఉంచి పొద్దున్నే పెప్టైడ్లు (అలా కోసిన ప్రోటీన్ ముక్కలు) తియ్యడం వేరు. నా మొదటి శాంపిల్ నిండా కెరటిన్ అనే ప్రోటీనే కనిపించింది. అంతా నా చర్మం, జుట్టు నుంచి రాలిందే. చాలా ఏడుపొచ్చింది. అప్పటి నుంచి జుట్టు కట్టుకుని, గ్లవ్స్ తరచూ మారుస్తాను. ఉన్నిలోనూ కెరటినే ఉంటుంది కాబట్టి ఉన్ని స్వెట్టర్‌తో బెంచీ దగ్గరికి వెళ్లను.

ప్రొఫెసర్‌కు మెయిల్ రాసేటప్పుడు మార్కుల కన్నా ముందు, మీ చేత్తో చేసిన ఒక ప్రయోగం గురించి నాలుగు వాక్యాలు రాయండి. ఎక్కడ చెడిందో, ఎలా సరిచేశారో కూడా.