జీపీఎస్ ప్యాకెట్లు ముక్కలై వస్తుంటే: ఆర్ఎక్స్‌జావాలో సమస్యలు - పరిష్కారాలు

యూ-బ్లాక్స్ జీపీఎస్ మాడ్యూల్‌ను యూఎస్‌బీ-సీరియల్ కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, అది పంపే యూబీఎక్స్ (యూ-బ్లాక్స్ సొంత బైనరీ రూపం) ప్యాకెట్లను ఆర్ఎక్స్‌జావాతో, అంటే వరుసగా వచ్చే డేటాను ప్రవాహంగా నడిపే జావా లైబ్రరీతో, చదివేవారి కోసం ఈ వివరణ. ప్రతి ప్యాకెట్ 181, 98 అనే రెండు గుర్తు బైట్లతో మొదలవుతుంది. ఆ తరువాత క్లాస్, ఐడీ, రెండు బైట్లలో నిడివి, అసలు డేటా, చివర డేటా చెడిందో లేదో చూసే రెండు చెక్‌సమ్ బైట్లు ఉంటాయి. స్థానం, వేగం, సమయం తెలిపే నావ్-పీవీటీ సందేశంలో డేటా 92 బైట్లు కాబట్టి మొత్తం ప్యాకెట్ 100 బైట్లు అవుతుంది.

సమస్య: ఫైల్ నుంచి చదివినప్పుడు చక్కగా నడిచిన పార్సర్ (ప్యాకెట్లను విడదీసే కోడ్), అసలు పరికరం తగిలించగానే దాదాపు ప్రతి ప్యాకెట్‌నూ తప్పుగా చూపుతుంది.

కారణం: ఆన్‌నెక్స్ట్ (కొత్త డేటా ముక్క అందినప్పుడు వచ్చే పిలుపు) ఒకసారి వచ్చిందంటే ఒక ప్యాకెట్ వచ్చినట్టేనని కోడ్ భావిస్తోంది. 9600 బాడ్ వేగంలో 100 బైట్లు రావడానికి సుమారు 104 మిల్లీసెకన్లు పడుతుంది; సీరియల్ డేటాను యూఎస్‌బీకి మార్చే ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న కేబులైతే డిఫాల్ట్‌గా 16 మిల్లీసెకన్లకొకసారి తన దగ్గర ఉన్నవి అప్పగిస్తుంది కనుక, ఒక్కో ప్యాకెట్ దాదాపు 15 బైట్ల చొప్పున ఏడు ముక్కలుగా చేరుతుంది.

పరిష్కారం: మిగిలిన బైట్లు, పూర్తయిన ప్యాకెట్ల జాబితా, ఈ రెండింటినీ ఒక స్థితిగా, ప్రతి ముక్కకూ పాత స్థితి నుంచి కొత్తది తయారుచేసే స్కాన్ ఆపరేటర్‌లో ఉంచాలి. కొత్త ముక్క రాగానే దానిని మిగులుకు చేర్చి, పూర్తయిన ప్యాకెట్లన్నీ తీసి, మిగిలినది తదుపరి ముక్క కోసం దాచాలి. ఆ జాబితాను కాన్‌క్యాట్‌మ్యాప్‌ఇటరబుల్ ఒక్కొక్క ప్యాకెట్‌గా కిందికి పంపుతుంది. ముక్క 181తో ముగిసి, 98 తరువాతి ముక్కలో వచ్చే సందర్భం తప్పక ఉంటుంది కాబట్టి ఆ చివరి బైటును చెత్తగా పారేయకూడదు. బఫర్, డిబౌన్స్ వంటి కాలాధారిత ఆపరేటర్లతో హద్దులు ఊహించడాన్ని నేను గట్టిగా వద్దంటాను, ఎందుకంటే కంప్యూటర్ మీద భారం మారినప్పుడల్లా ఆ ఊహ తప్పుతుంది.

సమస్య: అంతా బాగా నడుస్తూ ఉన్నట్టుండి ప్యాకెట్లు ఆగిపోయి, కొన్ని నిమిషాల తరువాత వాటంతటవే మొదలవుతాయి.

కారణం: నిడివి బైట్లలో ఒక బిట్ చెడింది. నిడివిలో 256 రెట్లుగా లెక్కకు వచ్చే పై బైటులోని 0 కాస్తా 128 అయితే 92 అనే నిడివి 32,860గా కనిపిస్తుంది. సెకనుకు ఒక ప్యాకెట్ చొప్పున వచ్చే 100 బైట్లతో అది నిండడానికి ఐదున్నర నిమిషాలు కావాలి.

పరిష్కారం: మాడ్యూల్‌లో మీరు ఆన్ చేసిన సందేశాలలో అతి పెద్దదాని నిడివిని పరిమితిగా పెట్టి, దానిని మించితే ఆ ఆరంభాన్ని తిరస్కరించాలి. నిడివి మించినా, చెక్‌సమ్ కుదరకపోయినా, పేరుకున్న బైట్లన్నీ పారేయకుండా మొదటి ఒక్క బైటును మాత్రమే వదిలి మళ్లీ వెతకాలి. 181, 98 అనే జంట డేటా మధ్యలో కూడా సహజంగా రావచ్చు, దాని వెనుకే నిజమైన ప్యాకెట్ ఉండవచ్చు.

సమస్య: కేబుల్ ఊడి, రీట్రై (లోపం వస్తే మళ్లీ సబ్‌స్క్రైబ్ చేసే ఆపరేటర్) ద్వారా మళ్లీ కలిసిన తరువాత మొదటి ప్యాకెట్ చెడుతుంది, స్థానం చూపే మ్యాప్, లాగ్ ఫైల్ రెండూ సబ్‌స్క్రైబ్ చేస్తే (ప్రవాహం నుంచి డేటా తీసుకోవడం మొదలుపెడితే) రెండింటి బైట్లూ కలగలుస్తాయి.

కారణం: స్కాన్‌కు ఇచ్చిన ఆరంభ స్థితి, లోపలి విలువలు మారే ఒకే ఆబ్జెక్ట్. సబ్‌స్క్రిప్షన్లన్నీ దానినే వాడుకుంటున్నాయి.

పరిష్కారం: ప్రతి సబ్‌స్క్రిప్షన్‌కూ కొత్త స్థితిని సృష్టించే స్కాన్‌విత్ వాడాలి. పోర్ట్‌ను ఒక్కసారే తెరిచేలా, ప్యాకెట్లు కూర్చడం పూర్తయిన చోట, ఒకే ప్రవాహాన్ని అందరికీ పంచే షేర్ పెట్టాలి.

సమస్య: డేటాను వేరే థ్రెడ్‌కు అప్పగించే అబ్జర్వ్‌ఆన్ చేర్చిన తరువాతే చెక్‌సమ్‌లు తప్పుతున్నాయి.

కారణం, పరిష్కారం: చదివే లూప్ ఒకే బైట్ అర్రేను మళ్లీ మళ్లీ నింపుతోంది కనుక, రెండో థ్రెడ్ చూసేసరికి పాత బైట్ల మీద కొత్తవి పడిపోతున్నాయి. పంపే ముందు, నిజంగా చదివిన బైట్ల మేరకు కాపీ తీసి ఆ కాపీనే పంపాలి.